మతం గురించిన వీడియోలను పరిశీలించి చూడటం ఎలా? తీరిక తక్కువైన విద్యార్థుల కోసం

ఎల్బీ నగర్ నుంచి మియాపూర్ వైపు మెట్రోలో కళాశాలకు వెళ్ళే విద్యార్థికి పుస్తకం తెరిచేంత చోటు దొరకకపోవచ్చు గానీ, ఫోను తెరిచేంత చోటు మాత్రం దొరుకుతుంది. ఆ కొద్దిసేపట్లోనే ఒక ప్రవచనంలోని ముక్క, దాని వెంట ఒక మౌలానా బయాన్‌లోని అర నిమిషం, ఆ పైన ఒక పాస్టర్ గారి సందేశం, ఏదో ప్రాచీన దేవాలయం గురించి శాస్త్రవేత్తలకే అంతుపట్టని రహస్యమంటూ ఒక కథనం, టీవీ చర్చలో ఇద్దరు అరుచుకుంటున్న దృశ్యం వరుసగా వచ్చిపోతాయి. తరగతులు, ప్రయోగశాల రికార్డులు, ఇంటర్న్‌షిప్ దరఖాస్తులు, సెమిస్టర్ పరీక్షల నడుమ మతాన్ని గురించి తీరిగ్గా చదువుకునే వ్యవధి మనలో చాలామందికి లేదు కాబట్టి, మన మతం గురించి గానీ పొరుగువారి మతం గురించి గానీ మనకు తెలుసుననుకునే దానిలో పెద్ద భాగం ఈ ముక్కల నుంచే పోగవుతోంది. దీన్ని నేను చిన్న విషయంగా చూడలేను. వేరువేరు మతాలవారు ఒకే హాస్టల్ గదిలో కలిసి ఉండే నగరంలో, ఒకరిపై ఒకరికి కలిగే అభిప్రాయం ఎవరో కత్తిరించి పంపిన అర నిమిషం మీద ఆధారపడటం ప్రమాదకరమని నా గట్టి నమ్మకం.

ఏ మతాన్ని నమ్మాలో, అసలు నమ్మాలో వద్దో చెప్పడం ఈ వ్యాసం పని కాదు. నమ్మేవారికీ నమ్మనివారికీ సమానంగా పనికివచ్చే ఒక పద్ధతిని మాత్రమే ఇక్కడ వివరిస్తున్నాను. ఆ పద్ధతి సారం ఇది: వీడియోలు ఎక్కువగా చూసినంత మాత్రాన జ్ఞానం పెరగదు కాబట్టి, చూసిన కొద్దిపాటి వాటినైనా అవి పుట్టిన చోటి దాకా వెనక్కి తీసుకువెళ్ళడం అలవాటు చేసుకోవాలి. వీడియో ఒక గ్రంథం గురించి మాట్లాడితే ఆ గ్రంథం దాకా, ఒక సంఘటనను చూపిస్తే అది జరిగిన స్థలం, తేదీ దాకా, ఒక ఆచారాన్ని వర్ణిస్తే దాన్ని పాటించే మనిషి దాకా వెళ్ళాలి. అంత దూరం వెళ్ళే తీరిక లేని రోజున ఆ వీడియో గురించి ఏ అభిప్రాయమూ ఏర్పరచుకోకుండా వదిలేయవచ్చు. అదీ ఈ పద్ధతిలో భాగమే.

ముందుగా అది ఏ తరహా వీడియోనో తేల్చుకోండి

తిరుమల కల్యాణోత్సవాన్ని ఎస్వీబీసీలో ప్రత్యక్షంగా చూడటం, ఆదివారం ఆరాధనను ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో అనుసరించడం, రంజాన్ మాసంలో ఖురాన్ పారాయణం వినడం ఆరాధనలో భాగాలు. వాటిని నిజానిజాల పరీక్షకు పెట్టనవసరం లేదు. ప్రవచనం, బయాన్, వాక్య సందేశం బోధనలు. వాటిలో చెప్పిన మాటకు ఆధారం ఏమిటని మర్యాదగా అడగవచ్చు. సినిమా, సీరియల్ కథలు. కథకుడికి ఉన్న స్వేచ్ఛను వాటికి ఇవ్వాలి. ఫలానా ఊళ్ళో ఫలానా మతంవారు ఇలా చేశారని చెప్పేది వార్త. దానికి స్థలం, తేదీ, సాక్ష్యం ఉండి తీరాలి. ఇక చర్చా కార్యక్రమాల సంగతి: అవి వాదనలు, వాటిలో గెలిచినవారు చెప్పినదే సత్యమన్న నియమం ఏదీ లేదు.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఒక తరహా వీడియో మరొక తరహా వేషంలో వచ్చినప్పుడు. సినిమాలోని దృశ్యానికి ప్రవచనకారుడి గొంతు జతచేస్తే అది శాస్త్రవాక్యంలా వినిపిస్తుంది. పాత ఊరేగింపు దృశ్యానికి భక్తిపాట జోడిస్తే వార్త కాస్తా ఆవేశంగా మారుతుంది. కాబట్టి చూడటం మొదలుపెట్టిన వెంటనే దృశ్యం ఎక్కడిది, గొంతు ఎవరిది, కింద రాసిన వాక్యం ఎవరిది అన్న మూడు విషయాలను విడదీసి చూడండి. ఆ మూడూ ఒకే చోట పుట్టాయని తేలితే, దాన్ని పరిశీలించడం చాలా సులువవుతుంది.

గ్రంథం దాకా వెళ్ళడం

తెలుగువారికి పురాణ కథలు పుస్తకాల ద్వారా తెలిసినదానికంటే హరికథలు, తోలుబొమ్మలాటలు, నాటకాలు, సినిమాల ద్వారా తెలిసినదే ఎక్కువ. 1987 జనవరిలో దూరదర్శన్‌లో రామాయణం ధారావాహిక మొదలైనప్పుడు దేశమంతటా జనం టీవీల ముందు గుమిగూడారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ రోజుల్లో అదే ధారావాహికను మళ్ళీ ప్రసారం చేస్తే మన తరం వారు కూడా చూశారు. ఇందులో తప్పేమీ లేదు. అయితే ఏది ఎక్కడ చెప్పబడిందో తెలియకపోతే, ఎవరైనా ఒక వీడియోలో గ్రంథం పేరు చెప్పి ఏమన్నా సరే నమ్మవలసి వస్తుంది.

లక్ష్మణరేఖనే తీసుకోండి. అది రామాయణంలో అందరికీ తెలిసిన ఘట్టమే గానీ, వాల్మీకి రాసిన అరణ్యకాండలో లక్ష్మణుడు సీతను వనదేవతలకు అప్పగించి వెళతాడే తప్ప గీత గీయడు. మన తెలుగు రంగనాథ రామాయణంలో మాత్రం గీతలు గీసిన కథ ఉంది. సేతువు కట్టేటప్పుడు సాయపడిన ఉడుత కథ కూడా వాల్మీకంలో లేదు, రంగనాథ రామాయణంలో ఉంది. అలాగే 1957లో వచ్చిన మాయాబజార్ చూసి, బలరాముడి కూతురు శశిరేఖను అభిమన్యుడు పెళ్ళాడిన కథ భారతంలోనిదే అనుకునేవారు ఉన్నారు. వ్యాసభారతంలో శశిరేఖ లేదు. విరాట పర్వంలో అభిమన్యుడికి ఉత్తరతో వివాహం జరుగుతుంది. శశిరేఖా పరిణయం ఆ తరువాతి కల్పన. కల్పన అయినంత మాత్రాన ఆ కథల విలువ ఏమీ తగ్గదని నేను భావిస్తున్నాను. తెలుగు కవి తన జనానికి కావలసిన కథను తీర్చిదిద్దుకోవడం మన సాహిత్యానికి ఉన్న బలం. కాని ఒక వీడియోలో ఎవరైనా ఆడపిల్లలు లక్ష్మణరేఖ దాటకూడదని వాల్మీకి చెప్పాడంటూ పాఠం మొదలుపెడితే, ఆ పాఠానికి పునాది ఎక్కడుందో తెలిసి ఉండటం అవసరం.

ఇందుకు చేయవలసిన పని చాలా సామాన్యమైనది. వక్త ఏదైనా శ్లోకమో వాక్యమో చెప్పినప్పుడు దాని చిరునామా చెప్పాడా లేదా గమనించండి. ప్రతి గ్రంథానికీ ఒక లెక్క ఉంది. భగవద్గీతలో 18 అధ్యాయాలు, సాధారణ ప్రతుల్లో 700 శ్లోకాలు ఉంటాయి. రామాయణాన్ని కాండ, సర్గ, శ్లోకాలతోనూ, భారతాన్ని పర్వం, అధ్యాయం, శ్లోకాలతోనూ సూచిస్తారు. ఖురాన్‌లో 114 సూరాలు (అధ్యాయాలు), ప్రతి సూరాలో సంఖ్య వేసిన ఆయత్‌లు (వాక్యాలు) ఉంటాయి. బైబిల్‌లో గ్రంథం పేరు, అధ్యాయం, వచనం చెబితే ఎవరైనా క్షణంలో తెరవవచ్చు. గురు గ్రంథ్ సాహిబ్‌కు 1430 పుటల స్థిరమైన క్రమం ఉంది. ఇంత స్పష్టమైన ఏర్పాటు ఉండగా వేదాల్లో ఉందనీ, ఖురాన్‌లో రాశారనీ, బైబిలే చెప్పిందనీ చిరునామా లేకుండా చెప్పిన మాటను, చెప్పినవారు ఎంత పేరున్నవారైనా సరే, ఇంకా రుజువు కాని మాటగానే ఉంచుకోవాలి.

చిరునామా దొరికాక ఆ ఒక్క వాక్యాన్ని మాత్రమే చదివి ఆగిపోకూడదు. దాని ముందువి అయిదు, తరువాతివి అయిదు వాక్యాలు చదవండి. ఈ ఒక్క అలవాటు ఎంత మేలు చేస్తుందో కొన్ని ఉదాహరణలతో చెబుతాను. ఖురాన్ 9వ సూరాలోని 5వ ఆయత్‌ను విడదీసి చూపే వీడియోలు విరివిగా కనిపిస్తాయి. బహుదైవారాధకులను ఎక్కడ కనిపిస్తే అక్కడ చంపమన్న మాట అందులో ఉన్నది నిజమే. దానికి ముందున్న 4వ ఆయత్ ఒప్పందాన్ని తప్పనివారిని మినహాయిస్తుంది. తరువాతి 6వ ఆయత్ వారిలో ఎవరైనా ఆశ్రయం కోరితే ఆశ్రయమిచ్చి, సురక్షితమైన చోటికి చేర్చమంటుంది. లూకా సువార్త 19వ అధ్యాయం 27వ వచనంలో శత్రువులను తన ఎదుట సంహరించమన్న మాటను క్రీస్తు ఆజ్ఞగా చూపించేవారు, అది 11వ వచనం దగ్గర మొదలైన ఒక ఉపమానంలో రాజు పాత్ర పలికిన మాట అన్న సంగతి చెప్పరు. మనుస్మృతి విషయంలో కత్తెర రెండు వైపులా పనిచేస్తుంది. స్త్రీలను పూజించే చోట దేవతలు సంతోషిస్తారన్న 3వ అధ్యాయంలోని 56వ శ్లోకాన్ని పొగిడేవారు చూపిస్తారు, స్త్రీ స్వాతంత్ర్యానికి అర్హురాలు కాదన్న 9వ అధ్యాయంలోని 3వ శ్లోకాన్ని తెగిడేవారు చూపిస్తారు. రెండూ ఆ గ్రంథంలో ఉన్నవే. ఒక్కటే చూపించిన వీడియో ఎవరి పక్షాన చేసినదైనా సగం దాచినట్టే.

చుట్టుపక్కల వాక్యాలు చదివితే ప్రతి వివాదమూ తీరిపోతుందని నేను అనడం లేదు. ఈ వాక్యాలకు అర్థం చెప్పడంలో ఆయా సంప్రదాయాల పండితుల మధ్యనే శతాబ్దాలుగా భేదాభిప్రాయాలు ఉన్నాయి. అయితే ఆ భేదాలు ఉన్నాయని తెలుసుకోవడానికైనా ముందు ఆ పుట తెరవాలి.

అసలు గ్రంథంలో లేని వాక్యాలు కూడా ప్రచారంలో ఉన్నాయి. అహింసా పరమో ధర్మః అన్న వాక్యానికి ధర్మహింసా తథైవ చ అన్న రెండో సగాన్ని జోడించి, మనకు సగమే నేర్పి మోసం చేశారని చెప్పే వీడియోలు మీరు చూసే ఉంటారు. మొదటి సగం మహాభారతంలో ఆది పర్వంలోనూ ఆనుశాసనిక పర్వంలోనూ ఉంది. ఆనుశాసనిక పర్వంలో దాని వెంట వచ్చేది అహింసా పరో దమః అన్న మాట. ప్రచారంలో ఉన్న ఆ రెండో సగం మహాభారతంలో కనబడదు. యుద్ధం ధర్మమా కాదా అన్న ప్రశ్నను భారతం ఎంతో లోతుగా చర్చించింది. ఆ చర్చ కావాలంటే ఉద్యోగ పర్వం, శాంతి పర్వం ఉన్నాయి, లేని శ్లోకం కల్పించనవసరం లేదు. వేమన పేరుతో తిరిగే పద్యాల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. సి.పి. బ్రౌన్ 1829లో వేమన పద్యాలను అచ్చు వేయించిన నాటి నుంచి నేటి దాకా ఆ మకుటంతో చేరిన పద్యాలలో ఏవి ఆయనవో తేల్చడం పండితులకే కష్టమైంది; అలాంటప్పుడు నిన్న ఒక రీల్‌లో విన్న పద్యాన్ని వేమన తీర్పుగా ఎవరి మీదా ప్రయోగించకండి.

పుస్తకాలు ఎక్కడ అన్న ప్రశ్నకు హైదరాబాద్‌లో సమాధానం వెతకడం కష్టం కాదు. అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం, బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం విద్యార్థులకు తెలిసిన చోట్లే. పోటీ పరీక్షలకని చిక్కడపల్లి వెళ్ళేవారు అక్కడ ఓ పది నిమిషాలు ఈ పనికి కేటాయించవచ్చు. ఆదివారం అబిడ్స్ కాలిబాటల మీద పాత పుస్తకాల్లో కవిత్రయ భారతం విడి సంపుటాలు, పోతన భాగవతం, తెలుగు బైబిల్ కంటబడుతూ ఉంటాయి. బైబిల్, ఖురాన్ తెలుగు అనువాదాలు ఫోనులోనూ చదువుకోవచ్చు. ఖురాన్ విషయంలో రెండు అనువాదాలను పక్కపక్కన పెట్టుకుని చూడటం మంచిది.

సంఘటన దాకా వెళ్ళడం

గ్రంథాన్ని వక్రీకరించిన వీడియో మనసులో దురభిప్రాయాన్ని నాటుతుంది. సంఘటనను వక్రీకరించిన వీడియో ఒక్కోసారి ప్రాణం తీస్తుంది. 2018లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయంటూ దేశమంతటా వాట్సాప్‌లో వీడియోలు తిరిగాయి. వాటిలో విస్తృతంగా తిరిగిన ఒకటి కరాచీలో పిల్లల భద్రతపై అవగాహన కోసం తీసిన ప్రకటన. మోటారుసైకిలు మీద వచ్చినవారు పిల్లవాణ్ణి ఎత్తుకుపోయి, తిరిగి తెచ్చి దింపి, హెచ్చరిక రాసిన అట్ట చూపించడంతో ఆ ప్రకటన ముగుస్తుంది. ఎవరో ఆ ముగింపును కత్తిరించి మిగిలినదాన్ని మన దేశంలో జరిగినట్టుగా పంపారు. ఆ ఏడాది మే నెలలో, ఇటువంటి వదంతులు వ్యాపించిన రోజుల్లోనే, మన చాంద్రాయణగుట్టలో ఒక గుంపు ట్రాన్స్‌జెండర్ మహిళలపై దాడి చేస్తే ఒకరు మరణించారు. అందులో మతం ప్రసక్తి లేకపోయినా ఈ ఉదాహరణ చెప్పడానికి కారణం, కత్తిరింపు ఎలా పనిచేస్తుందో ఇంతకంటే స్పష్టంగా చూపేది మరొకటి నాకు తెలియదు. మతం తోడైన ఉదాహరణలకూ కొదవ లేదు. 2020 ఏప్రిల్‌లో, పోలీసు వాహనంలో కూర్చున్న ఒక వ్యక్తి పోలీసుపై ఉమ్మిన వీడియోను కరోనా వ్యాప్తి కోసం ముస్లింలు చేస్తున్న పనిగా ప్రచారం చేశారు. అది అంతకుముందే ముంబైలో ఒక విచారణ ఖైదీకి సంబంధించి వెలువడిన పాత వీడియో.

మన నగరంలో ఇటువంటివి వచ్చే కాలాలు ముందుగానే ఊహించవచ్చు. శ్రీరామనవమి శోభాయాత్ర, రంజాన్, బోనాలు, మొహర్రం, వినాయక నిమజ్జనం, మిలాద్ ఊరేగింపు రోజుల్లో పాత వీడియోలకు కొత్త తేదీలు వేస్తారు. ఆ రోజుల్లో ఏదైనా వచ్చినప్పుడు ముందుగా ధ్వనిని ఆపి ఒకసారి చూడండి, తరువాత తెర మూసి ధ్వని మాత్రమే వినండి. నినాదాలు దృశ్యంలోని పెదవులతో, జనం కదలికతో పొసగుతున్నాయో లేదో ఇలా విడివిడిగా గమనిస్తేనే తెలుస్తుంది. ఆ పైన వీడియోను ఆపి, దుకాణాల బోర్డుల మీది భాష, బస్సుల రంగు, మెట్రో స్తంభాల మీది సంఖ్యలు, వాహనాల నంబరు పలకలు చూడండి. నంబరు పలకలు మనకు చక్కని ఆధారం. తెలంగాణ ఏర్పడిన 2014 జూన్ నుంచి ఇక్కడి కొత్త వాహనాలకు టీఎస్, 2024 మార్చి నుంచి టీజీ అక్షరాలు వచ్చాయి. టీజీ పలక కనిపిస్తే ఆ వీడియో అంతకుముందుది కాదని తేలుతుంది. కనిపించనంత మాత్రాన పాతదని మాత్రం తేలదు, ఎందుకంటే పాత వాహనాలు పాత అక్షరాలతోనే తిరుగుతున్నాయి. నగర మెట్రో 2017 నవంబరులో మొదలైంది కాబట్టి ప్రయాణికులు రైలెక్కుతున్న దృశ్యం ఉంటే ఆ తరువాతిదేనని అర్థం.

ఆ తరువాత స్పష్టంగా ఉన్న ఒక దృశ్యాన్ని స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వెతకండి. ఒక్క తెలుగులోనే వెతికి ఊరుకోకుండా హిందీ, ఉర్దూ, ఇంగ్లీషు పదాలతో కూడా వెతకండి, ఎందుకంటే వీడియో అసలు ఊరు మన భాషది కాకపోవచ్చు. హైదరాబాద్ నుంచి పనిచేసే ఫ్యాక్ట్‌లీ తెలుగులోనూ నిజనిర్ధారణ కథనాలు ఇస్తుంది. వీడియోలోని ముఖ్యమైన పదాలతో అక్కడ వెతికితే ఎవరో ఇప్పటికే చేసిన పరిశీలన దొరికే అవకాశం ఉంది. నగర పోలీసుల అధికారిక ఖాతాలు కూడా చూడండి. ఇంత చేసినా ఏమీ తేలకపోతే తేలలేదనే ఒప్పుకుని ఆగండి, అంతేగాని ఏమీ దొరకలేదు కాబట్టి నిజమే అయి ఉంటుందని అనుకోకండి.

కృత్రిమ మేధతో చేసిన వీడియోల గురించి చాలామంది వేళ్ళు లెక్కపెట్టమనీ, కనురెప్పలు చూడమనీ చెబుతారు. ఆ గుర్తులు నెలనెలా మాయమవుతున్నాయి కనుక వాటిపై ఆధారపడవద్దని నా సలహా. నిజమనిపించేలా మార్చిన, సృష్టించిన దృశ్యాలను పెట్టేవారు ఆ సంగతి ప్రకటించాలని యూట్యూబ్ 2024 మార్చిలో నియమం తెచ్చింది గానీ, మోసం చేయదలచినవారు ప్రకటిస్తారని ఆశించలేము. ఒక పీఠాధిపతి, ఒక మత గురువు, ఒక బిషప్ నోట వివాదాస్పదమైన మాట వినిపిస్తే ఆ సంస్థ సొంత ఛానెల్‌లో ఆ పూర్తి ప్రసంగం ఉందో లేదో చూడటమే నమ్మకమైన దారి. విరాళాలు, దర్శనం టికెట్లు, హజ్, ఉమ్రా యాత్రల పేరుతో క్యూఆర్ కోడ్ చూపే వీడియోలకు కూడా ఇదే వర్తిస్తుంది. డబ్బు పోయినట్టయితే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయాలి.

వేడి పుట్టించే వీడియోలకు ఉన్నంత ప్రచారం నెమ్మదైన వార్తలకు రాదు. 2023 సెప్టెంబరు 28న వినాయక నిమజ్జనం, మిలాద్-ఉన్-నబీ ఒకే రోజున వచ్చాయి. ఆ రద్దీని దృష్టిలో ఉంచుకుని నగరంలో మిలాద్ ఊరేగింపును నిర్వాహకులు అక్టోబరు 1కి వాయిదా వేసుకున్నారు. ఈ నగరం గురించి తెలుసుకోవాలంటే ఆ వాయిదా ఎంతో ముఖ్యమైన వార్త. అయినా దానిలో అర నిమిషం వీడియోకు సరిపడే దృశ్యం ఏదీ లేదు. పండుగ రోజుల్లో వీడియోలతో పాటు ఒక దినపత్రికలోని నగర పేజీని కూడా చదవమని నేను చెప్పడానికి కారణం ఇదే.

వీడియో మన నుంచి ఏమి ఆశిస్తోంది

యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయం రావాలంటే ఛానెల్‌కు 1,000 మంది చందాదారులు, గడచిన 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ, లేదా 90 రోజుల్లో కోటి షార్ట్స్ వీక్షణలు ఉండాలి. డబ్బు వస్తుందన్న కారణంగా చెప్పినదంతా అబద్ధమని అనలేము; పురాణం చెప్పినవారికి సంభావన ఇవ్వడం మన పాత మర్యాదే. అయితే వీక్షణ గంటల మీద బతికే ఛానెల్‌కు మనల్ని ప్రశాంతంగా పంపించడం కంటే కలవరపెట్టి కూర్చోబెట్టడం లాభసాటి అన్న సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి. థంబ్‌నెయిల్‌లో చెప్పిన మాట వీడియోలో నిజంగా ఉందో లేదో చూడండి. సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి బోనాల మరునాడు జరిగే రంగంలో, పచ్చికుండపై నిలబడి చెప్పే భవిష్యవాణిలో వానలు, పంటలు, పూజలు, ప్రజలకు అభయం, హెచ్చరిక అన్నీ కలిసి ఉంటాయి. అందులోని ఒక్క హెచ్చరికను తీసి ముప్పు ముంచుకొస్తోందని శీర్షిక పెట్టినవారు, ఆ తల్లి ఇచ్చిన అభయాన్ని వదిలేశారన్నమాట. పూర్తి కార్యక్రమం ప్రత్యక్ష ప్రసారంగా దొరుకుతుంది, అదే చూడండి. ఇంతమందికి పంపకపోతే కీడు జరుగుతుందని బెదిరించే వీడియోను మాత్రం ఏ పరిశీలనా లేకుండా తొలగించవచ్చు. భయపెట్టి పంచుకోమన్నది ఏ మతానికి చెందినదైనా గౌరవించదగినది కాదని నా అభిప్రాయం.

ఫోనును మన అధీనంలో ఉంచుకోవడం

ఒక వివాదాస్పద వీడియోను పరిశీలన కోసం చూసినా, యాప్ దాన్ని మన అభిరుచిగా లెక్కవేసి అటువంటివే మరిన్ని తెస్తుంది. కాబట్టి పరిశీలించేటప్పుడు వీక్షణ చరిత్రను తాత్కాలికంగా నిలిపివేయండి, లేదా లాగిన్ కాకుండా బ్రౌజర్‌లో చూడండి. అక్కరలేని వాటిపై ఆసక్తి లేదనీ, ఆ ఛానెల్‌ను సిఫారసు చేయవద్దనీ చెప్పే వీలు మూడు చుక్కల వద్ద ఉంటుంది. తరువాతి వీడియోలు తమంతట తాము రాకుండా ఆటోప్లే మీటను కూడా ఆపి ఉంచండి. నచ్చిన ప్రవచనం ముక్కగా కనిపిస్తే అక్కడే చూసేయకుండా, పూర్తి ప్రసంగాన్ని వెతికి తరువాత చూసేందుకు దాచుకుని, ఆదివారం తీరిగ్గా వినండి. సమయం తక్కువగా ఉంటే ట్రాన్స్‌క్రిప్ట్ తెరిచి కావలసిన పదం దగ్గరికి వెళ్ళవచ్చు. అయితే తెలుగు ట్రాన్స్‌క్రిప్ట్‌లలో శ్లోకాలు, అరబ్బీ పదాలు తప్పుగా పడుతుంటాయి కాబట్టి ఆ చోట చెవితో విని తీరాలి. వేగం పెంచి వినడం వివరణలకు పనికివస్తుంది. పోతన పద్యాన్నీ, ఖురాన్ పారాయణాన్నీ, కీర్తననూ వేగం పెంచి వినవద్దని మాత్రం కోరుతున్నాను. వాటి అర్థంలో సగం వాటి నడకలోనే ఉంది.

మనిషి దాకా వెళ్ళడం

ఆచారాల విషయంలో ఏ గ్రంథాలయం కంటే పక్కనున్న స్నేహితుడే మంచి ఆధారం. మొహర్రం పదో రోజున డబీర్‌పురాలోని బీబీ కా అలావా నుంచి సాగే ఊరేగింపును కొన్ని వీడియోలు వేడుక అని పిలుస్తాయి. షియా స్నేహితులను అడిగితే అది కర్బలా అమరుల కోసం చేసే సంతాపమని చెబుతారు. ఊళ్ళ నుంచి వచ్చిన తెలంగాణ విద్యార్థులను అడిగితే తమ ఊరి పీర్ల పండుగలో హిందువులు కూడా పీర్లను ఎత్తుకుంటారనీ, అలాయి అనే నిప్పుల గుండం చుట్టూ ఆడతారనీ వర్ణిస్తారు. ఈ రెండు మాటలూ వింటే ఒకే సంస్మరణ ఎన్ని రూపాల్లో ఉందో అర్థమవుతుంది. అడిగేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. మీ మతంలో ఇలా ఎందుకు రాశారని వీడియో చూపించి నిలదీయకండి. మీ ఇంట్లో దీన్ని ఎలా చేస్తారని అడగండి. మొదటి ప్రశ్నకు ఆ మనిషి తన మతం తరఫున వాదించవలసి వస్తుంది, రెండో ప్రశ్నకు తన ఇంటి గురించి చెప్పుకోగలుగుతాడు.

ఇక కుటుంబ వాట్సాప్ గ్రూపుల విషయం అన్నింటికంటే సున్నితమైనది. ఒక సందేశం ఎన్నోసార్లు చేతులు మారి వచ్చిందని తెలిపే జంట బాణం గుర్తు వీడియోపై కనిపిస్తే దాన్ని ముందుగా అనుమానించాలి. 2018 జులైలో వాట్సాప్ మన దేశంలో ఒకసారికి అయిదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా పరిమితి పెట్టింది. అలా విపరీతంగా తిరిగిన సందేశాలను 2020 ఏప్రిల్ నుంచి ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలిగేలా చేసింది. పెద్దవారు అటువంటిది పంపినప్పుడు గ్రూపులో అందరి ముందూ అది అబద్ధమని రాస్తే వారి మనసు నొచ్చుకుంటుంది, పంతం పెరుగుతుంది, వీడియో మాత్రం అక్కడే ఉంటుంది. విడిగా ఫోన్ చేసి మాట్లాడండి. పెదనాన్న గారూ, మీరు పంపిన వీడియో చూశాను, అది మన ఊరిది కాదట, ఫలానా చోట కొన్నేళ్ళ క్రితం జరిగినదట, వివరం మీకు పంపుతున్నాను, గ్రూపులో మీరే చెబితే బాగుంటుంది అని అనవచ్చు. చెప్పే అవకాశాన్ని వారికే ఇస్తే ఆ సవరణకు వారి గౌరవం కూడా తోడవుతుంది.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 196వ సెక్షన్ మతం వంటి కారణాలతో వర్గాల మధ్య శత్రుత్వాన్ని పెంచడాన్ని, 299వ సెక్షన్ మత విశ్వాసాలను ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో అవమానించడాన్ని శిక్షార్హం చేస్తున్నాయి. రెండింటికీ మూడేళ్ళ వరకు జైలు శిక్ష పడవచ్చు. ఎలక్ట్రానిక్ మాధ్యమం కూడా ఆ సెక్షన్ల పరిధిలోనే ఉంది. ఉద్యోగానికీ, పాస్‌పోర్టుకూ దరఖాస్తు చేయబోయే విద్యార్థి ఫార్వర్డ్ మీట నొక్కే ముందు దీన్ని గుర్తుంచుకోవాలి.

పంపిన తరువాత ఒక వీడియో అబద్ధమని తెలిస్తే, రెండు రోజులకు పైగా వాట్సాప్‌లో అందరికీ తొలగించే వీలుంటుంది. ఆ గడువులో ఉంటే వెంటనే తొలగించండి. అప్పటికే కొందరు చూసి ఉంటారు కాబట్టి, ఏది తప్పో, సరైన స్థలం, తేదీ ఏమిటో, ఆ వివరం ఎక్కడ దొరికిందో రెండు వాక్యాల్లో రాసి అదే గ్రూపులో పెట్టండి. గడువు దాటిపోతే ఆ సవరణను ఆ వీడియోకే రిప్లైగా జతచేయండి. మీరు విడిగా ఇంకెవరికైనా పంపి ఉంటే వారికీ అదే సవరణను పంపి, వారు ఎవరికి పంపారో వారికి కూడా చేరవేయమని అడగండి.